సక్కుబాయి వంతు నీళ్లు

కడుపు మాడిస్తేగానీ జామచెట్టు కాపుకు రాదు. పట్నం అంచున ఉన్న కార్వాన్ తోటల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. మాఘంలో నీళ్లు ఆపాలి. చైత్రం చివర్లో చెట్టు మొదలు చుట్టూ మట్టి తవ్వి వేళ్లకు గాలి తగలనివ్వాలి. ఆకు రాలాక ఎరువు వేసి, మట్టి కప్పి, నిండా తడి పెడితే పూత విరగబూస్తుంది. ఆ తడి ఆలస్యమైందా, చెట్టు దక్కదు.

మొగుడు ఆగయ్య పోయాక సక్కుబాయికి ఆ తోటే దిక్కు. బావి, మోట, ఎద్దులు మాత్రం మరిది మొగులయ్యతో ఉమ్మడి. ఒకరోజు నీళ్లు ఆమె వంతు, మర్నాడు అతని వంతు. ఆమె కాపురానికొచ్చేనాటికి మొగులయ్యకు పాలపళ్లు ఊడుతున్నాయి. ముద్దలు కలిపి తినిపించి పెంచింది.

జర్మనీ లడాయి రోజులవి. దండులోని సిపాయిలకు ఎంత ఆకుకూర పంపినా చాలడం లేదు. మొగులయ్య కొత్తగా తోటకూర మడులు వేసి, మాఘంలో వదిన దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

“వదినా, నీ చెట్లకు ఇప్పుడు నీళ్లొద్దు గదా. నీ వంతు నాకియ్యి. నీకు తడి గావాల్సిననాడు నా మడులెండినా సరే, ముందు నీ తోటకే మోట కొడత. అన్న మీద ఒట్టు.”

పక్కతోట కుబ్రాబీ ఈ సంగతి విని ఊరుకోలేదు. “అక్కా, నలుగుర్ల పెట్టి మాట తీస్కో. నీళ్ల ముచ్చట నోటిమాట మీద నడ్వదు.”

“ఇంటి పిలగాన్ని పంచాయితిల నిలబెడ్తనా? సిగ్గుగాదా?” అని సక్కుబాయి నవ్వేసింది. ఆ నవ్వుకు తర్వాత తన చెంపలు తానే వాయించుకుంది.

వైశాఖం వచ్చింది. వేళ్లు బయటపెట్టుకుని చెట్లు తడి కోసం నిలబడ్డాయి. ఎరువు కుప్ప సిద్ధంగానే ఉంది, కానీ నీళ్లు లేకుండా వేస్తే వేళ్లు మాడిపోతాయి. మొగులయ్య రేపన్నాడు. ఆ రేపు ఎల్లుండి అయింది; ఆమె వంతు నాడు కూడా తెల్లారకముందే ఎద్దుల్ని తన మడుల కోసమే మోటకు కట్టేవాడు. రోళ్లు పగిలే రోహిణి ఎండలు రానే వచ్చాయి.

“బాయి అడుగంటింది వదినా, నేనేం జెయ్య?” అన్నాడు చివరికి. అతని వెనక తోటకూర మడి తడితో నిగనిగలాడుతోంది. సక్కుబాయి కుండలతో మోసి పోసిన నీళ్లు మొదళ్లలో పడీ పడకముందే ఇంకిపోయేవి.

మృగశిరకు ముందే ఒక మధ్యాహ్నం కుండపోత వాన మొదలైంది. “పోనీ, దేవుడన్నా నా వంతు ఇచ్చిండు,” అనుకుని ఆమె దండం పెట్టుకుంది. వాన తెరిపివ్వలేదు. తవ్విన గుంతలన్నీ నిండి చెరువులయ్యాయి. పార పట్టుకుని ఎన్ని కాలువలు తీసినా నీళ్లు కదల్లేదు. వాన వెలిశాక మళ్లీ అదే ఎండ కాసింది. ఎండకు సగం చచ్చిన వేళ్లు ఆ వేడినీళ్లలో నాని కుళ్లిపోయాయి. మోకాటిలోతు నీళ్లలో నిలబడి చెట్లు ఎండిపోయాయి.

చూసినవాళ్లంతా పాడుకాలం అన్నారు. అందరికంటే గట్టిగా మొగులయ్యే అన్నాడు. కొన్నాళ్లాగి మళ్లీ వచ్చాడు.

“ఎండా వానా కలిసి నిన్ను ముంచినయి వదినా. మన చేతుల ఏముంది? ఇగ చెట్లెట్లా లేవు గదా, నీ వంతు నాకే రాసియ్యరాదు?”

సక్కుబాయి ఒళ్లు మండిపోయింది.

“ఎండ నాకు మాటియ్యలే మొగులయ్యా. వాన మాటియ్యలే. నువ్విచ్చినవ్. నా పెనిమిటి మీద ఒట్టువెట్టి ఇచ్చినవ్.”

మొగులయ్య తల దించుకున్నాడు గానీ అక్కణ్నుంచి కదల్లేదు. అప్పటికీ ఆ నీళ్ల కోసమే నిలబడ్డాడు.

ఆ రోజు ఆమె వంతే. సక్కుబాయి లేచి మోటకు ఎద్దులు కట్టింది. కాలువ మళ్లించి ఎండిన మొదళ్లకు నీళ్లు వదిలింది.

“పీనుగులకు నీళ్లేంది వదినా! దండుగ గాదా?” అని అరిచాడు మొగులయ్య.

సక్కుబాయి ఎద్దుల్ని అదిలించింది.