పొలిమేర దాటిన ఎల్లస్వామి

ఎల్లస్వామి పెద్దల మాట జవదాటే మనిషి కాదు. కేసముద్రం దగ్గర వాళ్ళ ఊరు. ఆ ఏడు, ఊరి నడుమ గ్రామదేవతగా కొలిచే బొడ్రాయి పండుగకు, పొద్దున ఊరి చుట్టూ పొలి అన్నం చల్లింది మొదలు మర్నాడు పొద్దెక్కేదాకా ఎవరూ పొలిమేర దాటకూడదని చాటింపు వేశారు. అందరికంటే ముందు ఎద్దులను కట్టేసి ఇంట్లో కూర్చున్నది ఎల్లస్వామే.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే భార్య చిలుకమ్మకు నొప్పులు మొదలయ్యాయి. తొలిచూలు. మంత్రసాని రాజక్క ఉండేది పక్క ఊళ్ళో. ఎల్లస్వామి పొలిమేర దాకా పరుగెత్తి ఆగిపోయాడు. "తల్లీ, నన్ను మన్నించు" అని కళ్ళు మూసుకుని దాటేశాడు. ఊరంతా పూజ దగ్గరుండటంతో, రాజక్కను చేలకు అడ్డంపడి తీసుకొస్తుంటే ఎవరూ చూడలేదు. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

పన్నెండో నాడు రాళ్ళవాన పడింది. ఎల్లస్వామి మిరపచేను నేలకొరిగింది. పక్కనున్న సారయ్య చేనూ అంతే. ఎల్లస్వామి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో నాడు పొద్దున్నే ఊరివాళ్ళను బొడ్రాయి దగ్గరికి పిలిచాడు.

"తప్పు నాది. మంత్రసాని కోసం పొలిమేర దాటిన. నా పాపం సారయ్య మామకు గూడ తాకింది. ఏం శిక్ష ఏసినా సరే" అన్నాడు చేతులు కట్టుకుని.

ఉప్పలయ్య దగ్గాడు.

"బావా, నేను గూడ దాటిన. సీన్మాకు పోయొచ్చిన. నా చేన్ల ఒక్క కాయ రాలలే."

"నేను మా చెల్లె ఇంటికి పోయిన" అంది మొగిలమ్మ తలొంచుకుని. "మా చేను గూడ మంచిగనే ఉన్నది."

సారయ్య దిగ్గున లేచాడు. "అరే! నేను గడప గూడ దాటకపోతిని గదరా! మరి నా మిర్చి ఎందుకు పాయె?"

అతని మొహం చూసి ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. చివరికి సారయ్య కూడా.

ఎల్లస్వామి మాత్రం నవ్వలేదు. పండుగనాడు మొదటి బోనమెత్తిన ముసలి సోమక్క వైపు తిరిగాడు. "మరి రాళ్ళవాన ఎందుకు పడ్డదే, అవ్వా?"

"నాకు తెల్వది బిడ్డా. ఒక్క మొక్కు తప్పకుంట తీర్చిన. అయినా నా పిల్లలిద్దరు మట్టిల కలిసిరి. ఎందుకని తల్లిని ఇప్పటికీ అడుగుతనే ఉన్న. చెప్తలేదు. గని పురుడు పోసేటామె కోసం పోయినోని మీద ఆమె కోపం జేస్తదంటే నేను నమ్మ. జర లేవుండ్రి. రాలిన కాయ తడికి మురుగుతాంది. ఏరుదాం పాండ్రి."

ఎల్లస్వామి ఇంటికి వెళ్ళి ఎప్పటిలాగే అమ్మవారికి దీపం పెట్టాడు. ఈసారి మన్నించమని అడగలేదు. పొద్దున పాప తుమ్మిన సంగతి ఆమెతో చెప్పి, గంప తీసుకుని బయల్దేరాడు.

చేలో ముప్పై మంది దాకా ఉన్నారు. ఉప్పలయ్య సినిమా కథ చెబుతూ మధ్యలో పాటలు కూడా పాడుతున్నాడు. సగం కాయ రంగు పోయి తాలుగా తేలినా, మిగిలిన సగం బండ మీద ఎర్రగా ఆరుతోంది. ఎల్లస్వామికి ఒక్కసారిగా ఆకలి పుట్టుకొచ్చింది.

"ఓ మొగిలక్కా, సద్ది మూట ఎక్కడ పెట్టినవే?" అని గొంతెత్తి కేకేశాడు.