చెంచా పట్టే చెయ్యి

అక్క గాజుగ్లాసుల్ని సబ్బు జిడ్డు పోయేదాకా కడిగి, గుడ్డ మీద బోర్లిస్తోంది. సబ్బు ఏ కాస్త మిగిలినా బీరు మీద నురగ నిలవదు.

సెలవు రోజు సాయంత్రం రెండు రంగుల బీరు పోసుకోవడం ఈ ఇంట్లో పెళ్ళైన కొత్తలో మొదలైన సరదా. అడుగున పసుపుపచ్చ బీరు, పైన డికాషన్‌లాంటి నల్లది. పోసేది లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్న మొగుడు. మెడ దగ్గర వంచిన చెంచాని గ్లాసులో బోర్లించి పట్టుకునేది ఆమె. నల్ల బీరు చెంచా వీపు మీంచి జారి, పసుపుపచ్చదాని మీద మెల్లగా పరుచుకోవాలి. గ్లాసు నిండేకొద్దీ చెంచా వెంట్రుకవాసి పైకి లేవాలి. సీసా వంపు చూసి ఆమె, ఆమె మణికట్టు చూసి అతను. మాటలుండవు. వారం మొత్తానికి ఇద్దరూ భుజాలు రాసుకుని నిలబడేది అప్పుడే.

చేతులు తుడుచుకుని గదిలోకి వచ్చేసరికి చెంచా చెల్లెలి చేతిలో ఉంది. కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగమొచ్చి ఇక్కడే ఉంటోంది చెల్లెలు. తోటి అమ్మాయి తన గదిలో చోటుంది రమ్మన్నా, ఇంకొన్నాళ్ళు అక్క దగ్గరే ఉంటానంది.

"ఊపిరి బిగబట్టకు మరదలా, అదేం బాంబు కాదు!"

"నవ్వించకు బావా. ఒలికిందంటే మిగతాది నీ నెత్తిన పోస్తా."

గీత గీసినట్టు రెండు రంగులూ విడివిడిగా నిలిచాయి.

"చూశావా, మొదటిసారికే! మీ అక్క చెయ్యి కుదురుకునేసరికి ఎన్ని సీసాలు నేలపాలయ్యాయో!"

అంటూ అతను గట్టిగా నవ్వాడు. అక్క కూడా నవ్వింది. లోపల మాత్రం భగ్గుమంది. చిన్నపిల్ల, పోనీలే అనుకోబోయింది. మనసు వింటేనా? ఆయన ఇంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళైంది?

"తర్వాతది నేను పడతాను," అంది.

"నువ్వు కూర్చో అక్కా. వారమంతా కుట్టుమిషను తొక్కావు. నేనున్నాగా!"

ప్రేమగానే అంది. అదే ఇంకా మండింది.

సీసా మళ్ళీ వంగింది. అక్క గ్లాసు అందుకోబోతున్నట్టు ముందుకు జరిగి, చెల్లెలి మోచేతిని తన మోచేత్తో పొడిచింది. చెంచా బుడుంగున మునిగింది. నల్లదీ పసుపుదీ కలిసి బురదనీళ్ళయ్యాయి.

"పోన్లే మరదలా, కడుపులోకెళ్ళాక ఎలాగూ కలిసేవేగా!" సీసా వైపే చూస్తున్న బావకి ఏమీ తెలియలేదు.

చెల్లెలు నవ్వలేదు. అక్క మోచేతిని చూసింది. తర్వాత మొహంలోకి చూసింది.

"నీ వల్ల కాదుగానీ, ఇలా ఇవ్వు," అంది అక్క, చూపు తిప్పుకుని.

చెల్లెలు చెంచా ఇచ్చేసి లోపలికెళ్ళింది. అక్క ఇంకో గ్లాసులో చెంచా పట్టింది, అతను పోశాడు. గ్లాసులో రంగులు నిక్కచ్చిగా నిలిచాయి, మొగుడి భుజం ఆమె భుజానికి తగిలింది. అంతలో లోపలి గదిలోంచి బ్యాగు జిప్పు లాగిన చప్పుడు.

"ఏంటే, అలిగిందా?" అన్నాడతను.

ఉండవే అని ఒక్క మాటంటే చాలు. అంటే, ఎందుకు వెళుతోందో ఆయనకి చెప్పాల్సి వస్తుంది. అక్క గ్లాసునే చూస్తూ నిలబడింది.

చెల్లెలు బ్యాగు భుజాన వేసుకుని వాళ్ళిద్దరి పక్కనుంచే నడిచి, గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.