బేలు కుంగిన ఊరు

పత్తి బేళ్ల కింద నుంచి బయటికి తీసేలోపలే సుంకులమ్మ ప్రాణం పోయింది. ఆదోనిలో ఆ పత్తిమిల్లు గోదాము అంటే బేళ్ల కొండ. ‘ఇంకో వరస ఎక్కియ్యండి, లారీ వస్తాంది’ అని మేస్త్రీ ఈరేష్ తరిమితే ఎక్కించిన వరసే ఒరిగింది. పక్కన దూది ఊడుస్తున్న సారమ్మ, బయటికి కనిపిస్తున్న చెయ్యి పట్టుకుని లాగింది. గాజులు వచ్చాయి గానీ మనిషి రాలేదు.

పోలీసులు వచ్చేసరికి శవం గేటు బయట, రోడ్డు పక్కన గోనె మీద ఉంది.

“దారిన పోతా పడిపోయిన మనిషి. మా మిల్లుకు సంబంధం లేదు” అన్నాడు ఈరేష్, ఎవరి మొహమూ చూడకుండా.

సుంకులమ్మ అత్త హులిగమ్మ కోడలి తల ఒడిలో పెట్టుకుంది. “దారిన పోయేదాని నెత్తి నిండా దూది యాడిది నాయనా?” అంది. ఆ మాట విననట్టే అందరూ పక్కకు తిరిగారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక కూడా పేట చర్చిలో ఎవరూ లేవలేదు. ఉరుకుంద ఈరన్నకు తప్ప ఎవరికీ మొక్కని హులిగమ్మ కూడా వచ్చి గడపలో కూర్చుంది. సారమ్మ మొగుడు మద్దయ్య వారమంతా మిల్లులో హమాలీ, ఆదివారం వాక్యం చదివేవాడు. ఆ రోజు యెషయా ప్రవక్త మాట తీశాడు. బేలు కుంగిందనీ, నెబో వంగిందనీ చదివాడో లేదో గుసగుసలు మొదలయ్యాయి.

“మన గోదాము సంగతి ఆయప్పకెవురు సెప్పినారు మామా?” అన్నాడు హమాలీ రంగన్న.

ఎవరో కిసుక్కున నవ్వి, హులిగమ్మను చూసి నోరు మూసుకున్నారు.

“పత్తి బేలు గాదురా!” మద్దయ్య కసిరాడు. “బబులోనోళ్ల దేవుడు. బంగారు బొమ్మ. ఊర్లకు ఊర్లు మింగిన రాజులు దానికి మొక్కేటోళ్లు.”

“దేవుడైతే ఎట్ల కుంగింది?”

“అది నడ్సలేదు గదా. ఎవురో ఒకరు బుజాన మోయాల. రాజ్యం కూలిన్నాడు అలిసిన గొడ్ల మీద మూటయి పోయింది.”

సారమ్మ తల ఎత్తింది. “అంటే, మోసేటోళ్లు దించితే పడిపోతాది.”

“దించేది దేవుడే గదా సారమ్మా.”

“ఎవురి చేతుల్తో?”

మద్దయ్య బైబిలు మూశాడు. హులిగమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నాకేమీ వద్దమ్మా. నా కోడలు ‘మా మిల్లులో సచ్చింది’ అని ఆ మిల్లు సావుకారి నోటితో ఒక్క మాట అంటే సాలు. దిక్కులేని సావు సచ్చిందన్న పేరు దానికి ఎందుకు?”

మర్నాడు గేటు దగ్గర నిలబెట్టడానికి సావుకారి తండ్రి కంచు విగ్రహం లారీలో వచ్చింది. దించమని హమాలీలకూ ఆడవాళ్లకూ మోకులు ఇచ్చారు.

సారమ్మ మోకు పట్టుకోలేదు. “సుంకులమ్మ మీ మనిషేనని సావుకారిని సెప్పమను. దించుతాము.”

“మతి పోయిందా నీకు?” ఈరేష్ అరిచాడు.

సారమ్మతో పాటు దూది ఊడ్చే మంజుల, చేతిలో మోకు పట్టుకునే ఏడుపు గొంతుతో అంది: “పిల్లోళ్ల నోట్లో మన్ను కొడతావా అక్కా?”

“నాకూ బయమే మంజులా” అంది సారమ్మ.

రంగన్న మోకు వదిలాడు. తర్వాత మద్దయ్య, తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. అందరికన్నా చివర మంజుల వదిలింది.

సావుకారి కారు వెనకే పోలీసు వ్యాను వచ్చింది.

“ఎవరు వీళ్లంతా?” అన్నాడు ఎస్సై.

“నా కూలోళ్లే! ఏళ్లకేళ్లు నా ఉప్పు తిని, నా గేటు కాడే నాకు అడ్డం పడతారా?”

“అందరమూ మీ మనుషులమేనా సార్?” సారమ్మ అడిగింది.

“అందరూ! ఒక్కొక్కరి మొహం తెలుసు నాకు.”

“మరి మా పక్కన కూసోని ఇన్నేండ్లు సుంకులమ్మ తిన్న ఉప్పు యాడిది సార్?”

సావుకారి ఎస్సై వైపు తిరిగి, ఎక్కించమన్నట్టు చెయ్యి ఊపాడు.

మద్దయ్యను, రంగన్నను నెట్టుకుంటూ వ్యాను ఎక్కించారు. సారమ్మను జుట్టు పట్టి ఎక్కించారు. సుంకులమ్మ పోయిన నాటి నుంచి రాని ఏడుపు ఆ ఇనుప బల్ల మీద కూర్చోగానే తన్నుకొచ్చింది. హులిగమ్మ అడిగింది ఒక్క మాట. ఆ ఒక్కటీ తను ఇప్పించలేకపోయింది.

సంగతి తెలిసి గేటు దగ్గరికి వచ్చిన హులిగమ్మ వ్యాను ముందు రోడ్డు మీద కూర్చుంది. పక్క మిల్లులో అప్పుడే పని వదిలారు. ఆడవాళ్లు గుంపుగా రోడ్డు మీదికి వచ్చి, “ఏమైంది? ఎవురిని పట్టుకపోతాండారు?” అని అడుగుతున్నారు.

మంజుల ముందుకు వచ్చింది.

“సుంకులమ్మ అని మాతో పనిచేసే అక్క. ఈ మిల్లులోనే సచ్చిపోయింది. ఈ బేళ్ల కిందనే.”

వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకామె చెప్పులు విడిచి హులిగమ్మ పక్కన, వ్యానుకు అడ్డంగా, రోడ్డు మీద కూర్చుంది. ఆమె వెనకే మిగతావాళ్లూ.