గోడ మీది అరవై ఒక్క కేజీలు

దయానందం మీద నాకొక ఫిర్యాదు ఉందంటే ఎవరూ నమ్మరు. తాగడు, కొట్టడు, ఆదివారం చర్చి మానడు. మదనపల్లెలో మా వీధి ఆడవాళ్ళంతా నన్ను అదృష్టవంతురాలి లెక్కలో వేసి పెట్టినారు. అట్లాంటి నా మొగుడు పోయిన ఎండాకాలంలో ఒక బుధవారం పొద్దున, నేను గ్లాసుల ట్రే పట్టుకొని ముందు గదిలోకి అడుగు పెట్టబోతుంటే ఎదురొచ్చి ట్రే అందుకున్నాడు. సాయం చేస్తున్నాడేమో అనుకున్నాను. గొంతు తగ్గించి, "రేపటి నించి పొద్దున తొమ్మిది దాకా నువ్వు ఈ పక్కకు రావద్దు తబితా. బయటికి పోవాలన్నా వెనక వాకిట్లో నించి పో. కస్టమర్లు చూస్తే బాగుండదు" అన్నాడు. ఇరవై రెండేళ్ళు నేను ఊడ్చి తుడిచిన గది అది.

ఆ గదిని ఆయన సెంటరు అంటాడు. ఇన్సూరెన్సు చేసి, చిట్టీలు చేసి, రెండింట్లోనూ చేతులు కాల్చుకున్నాక, బెంగళూరులో ఒక హోటల్లో మీటింగుకు పోయి మూడు పొడి డబ్బాలతో వచ్చి మొదలుపెట్టినాడు. పొద్దున ఆరుకంతా ఆడవాళ్ళు వస్తారు. చెప్పులు విడిచి మిషనెక్కి బరువు చూసుకుంటారు, టిఫిన్ బదులు నీళ్ళలో కలిపిన పొడి ఒక గ్లాసు తాగుతారు, ఎవరైనా అర కేజీ తగ్గితే అందరూ చప్పట్లు కొడతారు. కుర్చీలకు ఎదురుగా గోడకు పెద్ద ఫ్లెక్సీ. అందులో నేను రెండుసార్లు ఉన్నాను. ఎడమ పక్క ఎనభై ఐదు కేజీల నేను, కుడి పక్క అరవై ఒక్క కేజీల నేను. కింద ఎర్ర అక్షరాల్లో "మా తబిత మేడం, మూడు నెలల్లో 24 కేజీలు" అని ఉంటుంది. ఇంట్లో ఎప్పుడూ మేడం అనిపించుకోని దాన్ని గోడ మీద అయినాను. ఇప్పుడు నా బరువు డెబ్బై తొమ్మిది. గోడ మీది మేడం అట్లే ఉంది, నేనే మళ్ళీ లావైనాను. ఇద్దరం ఒకే గదిలో కనపడితే వ్యాపారం మునుగుతుంది. ఆమెను తీసెయ్యలేడు కాబట్టి నన్ను తీసేసినాడు.

నన్ను తీసేసినాడు గానీ నా పనిని తియ్యలేదు. నాలుగున్నరకు లేచి నీళ్ళు కాచి చల్లార్చేది, పొడి కొలిచి మిక్సీలో తిప్పేది, గ్లాసులు నింపి తెర సందులోంచి అందించేది, ఎంగిలి గ్లాసులు పెరట్లో బండ మీద తోమేది అంతా నేనే. తెరకు అవతల ఆయన చెయ్యి వస్తుంది, గ్లాసు తీసుకుంటుంది, పోతుంది. ఒక మనిషిని పెట్టుకుందాం అని నేనంటే, ఆరు వేలు అడుగుతారు, ఇంట్లో మనిషి ఉండగా యాల అని మా అత్త సువార్తమ్మ అనింది. ఇంట్లో మనిషిని అని గుర్తు చేసేది అప్పుడు మాత్రమే. మేడం ఏరీ అని కస్టమర్లు అడిగితే, "పుంగనూరు బ్రాంచి ఆమే చూసుకుంటాండాది" అని చెప్పేవాడు. పుంగనూరులో బస్టాండు వెనక ఒక అద్దె గది ఉంది, మంగళవారం, శుక్రవారం పోతాడు. ఆడ అడిగితే, "మదనపల్లెలో ఊపిరాడని పని ఆమెకు" అనేవాడు. రెండు ఊర్లలోనూ నేను ఎప్పుడూ పక్క ఊర్లోనే ఉన్నాను. తెర వెనక గ్లాసు తుడుస్తూ, నేను పుంగనూరులో ఎంత బాగా పని చేస్తున్నానో నా చెవులతో నేనే విన్నాను.

నేను మొదట లావు ఎట్లయినానో ఎవరూ అడగలేదు. అత్తకు, మొగుడికి, ఇప్పుడు హాస్టల్లో ఉండే మా బిడ్డకు, ముగ్గురికీ పెట్టినాక గిన్నెలో ఏది మిగిలితే అది నాది. పారేస్తే అత్త ఊరుకోదు, దాచిపెడితే పొద్దుటికి పులుస్తుంది, కాబట్టి ఇంటికి చెత్తబుట్ట నా పొట్టే అయింది. రెండు కాన్పులు, ఒకటి నిలవలేదు, ఆ నిలవని దానికి వచ్చిన ఒళ్ళు మాత్రం నిలిచింది. ఆటో ఎక్కితే దయానందం "నువ్వు మధ్యలో కూర్చో, లేకుంటే ఒక పక్కకు ఒరుగుతాది" అనేవాడు. నవ్వించడానికే అనేవాడు, అందరూ నవ్వేవాళ్ళు, ఆటోవాడు కూడా. కోడలికి చీర తెచ్చిన ప్రతి పండక్కీ అత్త "ఆరు గజాలు సాలుతాదో లేదో" అనేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే లావుకు తోడు పొగరు అంటారు.

రెండేళ్ళ కిందట మా అమ్మ విజయమ్మకు గొంతులో గడ్డ అన్నారు. శాంతిపురంలో ఒంటరిగా ఉండేది, కుప్పంలో పెద్దాసుపత్రిలో చేర్చినాను. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. మూడు నెలలు ఆమె మంచం పక్కన నేల మీద పడుకున్నాను. ముద్ద దిగదు, తర్వాత జావ దిగదు, తర్వాత నీళ్ళు. నేను టిఫిన్ డబ్బా మూత తీస్తే అమ్మ నా చేతి వైపే చూసేది. "నువ్వు తినమ్మా, నేను సూస్తాంటా. నువ్వు తింటే నేను తినినట్టే ఉంటాది" అనేది. ఆ మాట విన్నాక ఏ బిడ్డకు దిగుతుంది? బయట మెట్ల మీదికి పోయి తినబోతే అక్కడా ఆ కళ్ళే. సగం ఇడ్లీ, ఒక టీ, కొన్ని దినాలు అదీ లేదు. ఆకలి అనేది నన్ను వదిలి ఎప్పుడు పోయిందో నాకు తెలీదు. చీర కుచ్చిళ్ళు ఎక్కువ వస్తుంటే చీర సాగిందనుకున్నాను. మా అత్త ఫోన్ చేసి అమ్మ సంగతి ఒక మాట అడిగి, "మావాడు హోటల్ కూడు తిని కడుపులో మంట అంటాండాడు, నువ్వు ఎప్పుడొస్తావు?" అనేది. ఎప్పుడొస్తానంటే అమ్మ ఎప్పుడు పోతుందనే కదా.

అమ్మను మట్టిలో పెట్టి వారం తిరగకముందే మదనపల్లెలో బస్సు దిగినాను. ఆసుపత్రికీ మట్టికీ రాని దయానందం, బస్టాండుకు నా కోసం వచ్చి నన్ను దాటుకొని పోయినాడు. పిలిస్తే వెనక్కి తిరిగి, తల నుంచి కాళ్ళ దాకా చూసి, "ఎంత బాగుండావు తబితా" అన్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళకు మొదటిసారి ఆ మాట. అమ్మ కడసారి ఏం మాట్లాడింది అని అడగలేదు. ఎన్ని కేజీలుంటావు అని అడిగినాడు. అప్పటికి ఆ మూడు డబ్బాలు అలమరాలో సీలు తియ్యకుండా ఉన్నాయి. రెండో రోజే స్టూడియోకు తీసుకుపోయినాడు. జాకెట్టు వదులుగా వేలాడుతుంటే ఫోటో అతను వెనక నాలుగు పిన్నులు గుచ్చి బిగించినాడు. "మొహం కొంచెం సంతోషంగా పెట్టండి మేడం" అన్నాడు. లావుగా ఉన్న ఫోటో కావాలంటే మా ఆడబిడ్డ పెళ్ళి ఫోటో తీసిచ్చినాడు దయానందం. అందులో నేనూ అమ్మా పక్కపక్కన ఉన్నాము. అమ్మను కత్తిరించేసినారు. ఆమె నా భుజం మీద వేసిన చెయ్యి మాత్రం పూర్తిగా పోలేదు. ఫ్లెక్సీలో ఎడమ పక్క నా భుజం మీద నాలుగు వేళ్ళు ఉంటాయి. ఆ వేళ్ళు ఎవరివని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఆకలి మళ్ళీ ఎట్లొచ్చిందో చెప్తాను. ఏడాది గడిచినాక, పుంగనూరులో గది కడగడానికి నన్ను తీసుకుపోయినాడు. పని ముగిసి బస్టాండులో నిలబడి ఉంటే, ఒక ముసలామె ఇంటి ముందర పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. ఆ వాసనకు నోట్లో నీళ్ళూరినాయి. అడిగి పెట్టించుకున్నాను. వేడి రాగిసంగటి, చెనక్కాయలు నూరిన ఊరుబిండి. ముద్ద నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు తెలిసింది, కారం తెలిసింది. ఏడుస్తూ తిన్నాను. ఆమె కారం ఎక్కువయిందనుకొని చెంబుతో నీళ్ళిచ్చింది. నేను బతికిన దినం అది. దయానందం లెక్కలో నేను చెడిపోయిన దినం కూడా అదే. ఆ తర్వాత కంచంలో రెండోసారి పెట్టుకుంటే, "ముందర మావాడి వ్యాపారం గుర్తు తెచ్చుకో, ఆమైన తిను" అనేది అత్త. ఆయన ఏమీ అనేవాడు కాదు. రాత్రి పూట మిషను తెచ్చి మంచం పక్కన పెట్టేవాడు.

అఫ్సానా మొన్న వానల్లో ఒక శనివారం వెనక వాకిట్లోకి వచ్చింది. బేకరీ వాళ్ళ కోడలు, ముప్ఫై దాటదు. ముందు గదిలో కళ్ళు తిరిగి, గాలి కోసం సందులోంచి తిరుక్కొని వచ్చిందంట. నేను బండ దగ్గర గ్లాసులు తోముతున్నాను.

"జరా నీళ్ళిస్తారా అక్కా" అని గోడకానుకొని కూర్చునింది. నీళ్ళు తాగి నన్నే చూసి, "మీరు ఫోటోలో మేడం వాళ్ళ అక్కనా? మొహం అట్లే ఉండాది" అంది.

ఆమెకు కనపడింది అక్క. నేను అవునన్నట్టు తలాడించినాను. దుపట్టా జారితే చూసినాను, పాపిట దగ్గర జుట్టు పలచబడి నెత్తి కనపడుతోంది. అడక్కుండానే చెప్పుకుపోయింది. పొద్దున గ్లాసు, మధ్యాహ్నం గ్లాసు, రాత్రికి ఒక కీరదోసకాయ. మూడు నెలలుగా బయట చేరలేదు. తమ్ముడి పెళ్ళి కుప్పంలో, ఆ లోపల తగ్గకుంటే పెళ్ళికి పిలుచుకొని పోనని వాజిద్, అంటే ఆమె మొగుడు, అన్నాడంట. బిర్యానీ డేక్సా పక్కన ఇంకో డేక్సా నిలబెట్టినట్టు ఉంటాదని అత్త కూడా అనిందంట. చెప్తూ నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు.

"తొమ్మిది కేజీలే పోయింది అక్కా. మీ సెల్లెలు ఇరవై నాలుగు ఎట్ల తగ్గిందో? ఆ ఫోటో సూసే కదా నేను సేరింది. రాత్రి పూట ఆమె ఏం తినేదో కొంచెం అడిగి సెప్తారా? సోమవారం మళ్ళా మూడు నెలల ప్యాకు తీసుకుంటాండా. ఈసారి తప్పు సేయకూడదు."

ఆమె తప్పు అనుకుంటోంది. తన ఒళ్ళు తప్పు చేస్తోందని అనుకుంటోంది. అడిగి చెప్తానన్నాను.

మరునాడు చర్చిలో సాక్ష్యాల వేళ దయానందం లేచి, సెంటరును దేవుడు ఎట్ల ఆశీర్వదించినాడో చెప్పినాడు. నేను ఆడవాళ్ళ వైపు కడాన స్తంభం వెనక కూర్చొని ఉన్నాను, అక్కడ కూర్చోమన్నది ఆయనే. అంతా ఆమెన్ అన్నారు. నాకు అఫ్సానా పాపిట తప్ప ఇంకేదీ కనపడలేదు. ఆ పిల్లకు ఏం చెప్పాలి? కీరదోసకాయ మానేసి ఏం తినమని చెప్పాలి? నాలాగ ఎండిపోవాలంటే ఏమి కావాలో నాకు తెలుసు. కళ్ళ ముందర కన్నతల్లి గుక్కెడు నీళ్ళు మింగలేకపోవాలి. ఆ పొడి డబ్బాలో ఉండేది అదేనని ఆయన అమ్ముతున్నాడు. ఇన్నాళ్ళూ నా గది పోయింది, నా పేరు పోయింది, పోనీలే అనుకున్నాను. అమ్మ చావు కూడా నెలకింత అని అమ్ముడుపోతుంటే గ్లాసులు కడిగి ఇస్తున్నది నేను.

సోమవారం తొమ్మిది కాకముందే తెర తీసి ముందు గదిలోకి పోయినాను. పన్నెండు మంది ఉన్నారు. అఫ్సానా మిషను దిగుతోంది, దయానందం రసీదు పుస్తకం తెరిచి ఉన్నాడు. నన్ను చూసి ఆయన పుస్తకం మూసేసినాడు.

"నువ్వు లోపలికి పో" అన్నాడు.

"అఫ్సానాకు ఒక మాట చెప్పాల" అన్నాను. "అడిగి చెప్తానంటిని కదమ్మా. ఆ ఫోటోలో ఉండేది నేనే. రాత్రి పూట నేనేమీ తినలేదు. మా అమ్మ గొంతులో గడ్డతో చచ్చిపోతాండింది, ఆమె ముందర కూడు దిగలేదు నాకు. ఈ పొడి అప్పటికి సీలు కూడా తియ్యలేదు. ఇది తాగి నేను ఒక్క కేజీ కూడా తగ్గలేదు. కూడు తినే కొద్దీ మళ్ళా మనిషినైనాను."

దయానందం నవ్వబోయి, "వాళ్ళమ్మ పోయినప్పటి నించి మేడంకు మనసు బాగలేదు" అన్నాడు.

టమాటా మండీ గంగులప్ప భార్య చెంగమ్మ గ్లాసు కింద పెట్టింది. "మనసు బాగలేకనే పుంగనూరు బ్రాంచి చూసుకుంటాండాదా అప్పా ఇన్నాళ్ళూ?" అంది. ఒకామె కిసుక్కుమనింది. చెంగమ్మ నవ్వలేదు. సంచిలోంచి కొత్త డబ్బా తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

అఫ్సానా మాత్రం నిలబడిన చోటే నిలబడి, గోడ మీది నన్నూ ఈ నన్నూ మార్చి మార్చి చూసింది. కోపమొస్తుందనుకున్నాను. "మీ అమ్మ అంత కష్టపడిందా అక్కా" అంది. రెండేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. చెయ్యి పట్టుకొని, ముందు వాకిట్లోంచి, గేటు తీసుకొని, లేడీ డాక్టరు దగ్గరికి పిలుచుకుపోయినాను. ఒంట్లో రక్తం లేదన్నారు. పెళ్ళి సంగతి చెప్తే డాక్టరమ్మ వాజిద్‌ను పిలుచుకొని రమ్మనింది. వస్తాడో రాడో తెలీదు. దారిలో రెండు దోసెలు తినిపించినాను, మొదటిది తినడానికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చేటప్పటికి దయానందం బల్ల దగ్గర వాపసు వచ్చిన డబ్బాల మధ్య కూర్చొని ఉన్నాడు. మా అత్త గుమ్మంలో నిలబడి, ఏమీ చదువుకోని దానికి ఇంత నోరు యాడ నించి వచ్చిందో అని ఎవరితోనో ఫోన్లో చెప్తోంది. ఆయన నా వైపు చూడలేదు. సెల్లులో కూడి, మళ్ళీ కూడి, నాకు వినపడేటట్టు చెప్పినాడు.

"పదకొండు మంది. ఒక్క పొద్దుకు నలభై నాలుగు వేల ఐదువందలు పోగొట్టినావు."

చెప్పులు విడిచి ఆయన ఎదురుగా కస్టమర్ల కుర్చీలో కూర్చున్నాను.

"రేపు మంగళవారం కదా" అన్నాను. "నేనూ వస్తాను. పుంగనూరులో ఎంత మంది ఉండారు?"