ఎడమచేతి వాటం

ఇంగ్లండులోని డర్హమ్ ఊళ్లో చర్చి హాల్లో కుట్టుసంఘం ఆడవాళ్లు ముప్పైమంది దాకా చేరారు. ఎదురుగా రచయిత్రి ఫిలిప్పా. వెయ్యేళ్ల కిందట, ఆంగ్లో-సాక్సన్ రోజుల్లో, బిషప్పుల అంగీల మీద బంగారు జరీ కుట్టీ కుట్టీ చూపు పోగొట్టుకున్న సన్యాసినుల మీద ఆమె నవల రాసింది. అంత పనితనం ఉన్నవాళ్ల పేర్లను చరిత్ర మింగేసిందే అని చదివేచోట గొంతు గద్గదం చేసుకుంది. కొందరు కళ్లు తుడుచుకున్నారు కూడా.

అట్ట మీది జరీ పక్షిని స్వయంగా తనే కుట్టానని ముందుమాటలో రాసుకుంది. పచ్చి అబద్ధం. కుట్టింది పక్కింటి డోరీన్, బడిలో వంట చేసి రిటైరైన మనిషి. ఎనిమిది నెలలు కూర్చుంది దానికోసం. ఆ తర్వాత చేతులకు వణుకొచ్చి మళ్లీ సూది ముట్టలేదు. రచయిత్రే సూది పట్టిందంటే పత్రికలవాళ్లు మోజుపడతారని ప్రచురణకర్త అనడమే ఆలస్యం, ఫిలిప్పా తలూపేసింది. డోరీన్ ఇదేమిటని అడగలేదు. ఇవాళ వచ్చి వెనక వరుసలో కూర్చుంది.

ఫిలిప్పా సంతకాలకు దిగింది. ఈలోగా అట్ట బొమ్మకు మూలమైన అసలు జరీ పక్షి గుడ్డ హాల్లో చేతులు మారుతోంది. కుట్టు తెలిసినవాళ్లు ముందువైపు చూసి మురిసిపోరు, గుడ్డ తిరగేసి చూస్తారు. ఆ సంగతి ఫిలిప్పాకేం తెలుసు, కుట్టి ఉంటేగా! సంఘం పెద్ద హెట్టీ వెనకవైపు, జరీని గుడ్డకు బిగించిన పట్టుదారాలను వేలితో తడిమి, కుట్లన్నీ ఎడమచేతివాళ్లు వేసినట్టు వాలాయే అంది. అందరూ ఫిలిప్పా కుడిచేతిలో ఉన్న కలం వంక చూశారు.

"సూది పడితే ఫిలిప్పాదీ ఎడమచెయ్యే. నేర్పింది నేనుగా, నా వాటమే అబ్బింది," అంది డోరీన్ వెనకనుంచి.

అంతా నవ్వేశారు. ఫిలిప్పాకు తల కొట్టేసినట్టయింది. డోరీన్ నిజం బయటపెట్టి ఉన్నా ఇంత సిగ్గనిపించేది కాదు.

చివరికి డోరీన్ వంతు వచ్చింది. వణికే చేతులతో పుస్తకం బల్ల మీద పెట్టింది.

"నా పేరు రాసివ్వు తల్లీ."

ఫిలిప్పా తలెత్తలేకపోయింది. 'ఈ పక్షిని కుట్టిన డోరీన్‌కు' అని రాసి సంతకం పెట్టింది. డోరీన్ కళ్లజోడు సర్దుకుని చదువుకుంది.

"నా పుస్తకంలో రాశావు, బాగుంది. మరి వాళ్ల పుస్తకాల్లో?" అంది గొంతు తగ్గించి.

సంతకాలు అయినవాళ్లు కోట్లు తొడుక్కుంటున్నారు. ఫిలిప్పా లేచి నిలబడింది. ఒక్క నిమిషం ఆగమంది.

"మీ పుస్తకాలన్నీ ఒకసారి వెనక్కివ్వండి. వాటిలో ఒక పేరు రాయాలి."