నలుగురికీ ఒకే గది

నాలుగు నెలలుగా దేనిమీదా మనసు పెట్టని మనిషి హైదరాబాదులో హోటల్ వెతుకుతూ కూర్చున్నాడంటే ప్రమీలకి ప్రాణం లేచొచ్చింది.

ఆమె భర్త బాబూరావు బాపట్లలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ మాస్టారు. ఫిబ్రవరిలో ఏడో తరగతి పిల్లల్ని సూర్యలంక బీచికి తీసుకెళ్ళాడు. తిరిగి బస్సెక్కేటప్పుడు బాబి అనే పిల్లాడు లేడు. మర్నాడు పొద్దున అలలే వాణ్ణి తెచ్చి ఒడ్డున పెట్టాయి. బడివాళ్ళు బాబూరావుని ఇక రావద్దన్నారు. కేసు నడుస్తోంది. బాబి తల్లి ఒకసారి వీళ్ళ గుమ్మం ముందుకొచ్చి, ఒక్క మాటా అనకుండా కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదని బాబూరావు ఆ రాత్రి అన్నాడు. ఆ తరవాత అతను మాట్లాడటమే తగ్గించేశాడు. ఆదివారం ప్రార్థనకి రావడం మానేశాడు.

అలాంటి మనిషి జూన్ మొదట్లో ఒక సాయంత్రం, "పిల్లలకి హైదరాబాదు చూపిద్దాం, బళ్ళు తెరిచేలోపు" అన్నాడు.

"స్టెల్లా వదినకి ఫోన్ చెయ్యనా?" అంది ప్రమీల. ఎప్పుడెళ్ళినా దిగేది అతని అక్క ఇంట్లోనే.

"అక్కకి చెప్పొద్దు. ఈసారి హోటల్లో ఉందాం. మరీ లాడ్జీలా ఉండకూడదు, మరీ గొప్పదీ వద్దు. ఫ్యామిలీలు దిగేది చాలు."

ఆ రోజు నుంచీ ఫోన్ చేతిలోంచి దించలేదు. పిల్లలు అటొకరు ఇటొకరు చేరి ఫొటోలు చూసేవాళ్ళు. తొమ్మిదో తరగతికి వెళ్ళబోయే దీపక్‌కి పైన ఈతకొలను ఉన్నది నచ్చింది. మూడో తరగతి దీవెనకి పొద్దున పూరీలు పెట్టేది కావాలి. బాబూరావు రెండూ కాదన్నాడు. మొదటిదాంట్లో జనం ఎక్కువట. రెండోదాంట్లో ఫోనెత్తినతను ఎక్కణ్ణుంచి వస్తున్నారు, ఏం పనిమీద అని నాలుగు ప్రశ్నలేశాడట. ఇంకొకటి అన్నివిధాలా బాగుంది గానీ, పిల్లలకి పక్కగది ఇస్తామన్నారని వద్దన్నాడు.

"పక్కగదైతే ఏంటండి? మధ్యలో తలుపుంటుందన్నారుగా."

"నలుగురం ఒకే గదిలో ఉండాలి" అన్నాడు.

చివరికి అమీర్‌పేట దగ్గర ఒకటి కుదిరింది. ప్రమీల నంబరే ఇచ్చి బుక్ చేశాడు. వరండా చివరి గది అడిగాడు. లిఫ్ట్‌కి దగ్గరగా ఉంటే దీవెనకి నడక తప్పుతుందని ప్రమీల అంటే, అక్కడ చప్పుడెక్కువ అన్నాడు. నిద్రలేక కళ్ళు పీక్కుపోయిన మనిషి, ప్రశాంతంగా పడుకోవాలనుకుంటున్నాడు కాబోలని ఆమె ఊరుకుంది.

బయల్దేరే రోజు పొద్దున దీపక్ సెలవుల హోమ్‌వర్కు పుస్తకం సంచిలో పెడుతుంటే, "అదెందుకు? అక్కర్లేదులే" అన్నాడు బాబూరావు. బడికి కొత్త బూట్లు అక్కడ కొంటావా డాడీ అని దీవెన అడిగితే తల నిమిరాడు తప్ప అవునూ అనలేదు, కాదూ అనలేదు. ప్రమీల ఇడ్లీలు మూటగడుతూ రెండూ విన్నది. విని, దేనికో చెయ్యి ఆగింది. మళ్ళీ మూట కట్టుకుంది.

హైదరాబాదు బండి తెనాలిలో ఎక్కాలి. బాపట్ల నుంచి ప్యాసింజర్లో వచ్చి ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని కూర్చున్నారు. బండి ఆలస్యమన్నారు. ఎండ పైకప్పు రేకుల మీద మండుతోంది. బాబూరావు ఒళ్ళో చిన్న నల్ల సంచి ఉంది. ఇంట్లోంచి బయల్దేరినప్పటినుంచీ దాన్ని ఎవర్నీ పట్టుకోనివ్వలేదు. ఇప్పుడూ దాన్ని దించకుండానే బత్తాయి ఒలిచి దీవెనకి తొన తొనా అందిస్తున్నాడు.

ప్రమీల ఫోన్ మోగింది. హోటల్ నుంచి.

"మేడమ్, నా పేరు భవ్యండి. రిసెప్షన్. మీరు బయల్దేరారాండి?"

"తెనాల్లో ఉన్నామమ్మా. బండి లేటు."

"అవునాండి. మాదీ ఆ దగ్గరే, కొల్లిపరండి. మేడమ్, సార్ పక్కనున్నారా? మీరు కొంచెం పక్కకొస్తారా?"

ప్రమీల లేచి నీళ్ళ కుళాయి దాకా నడిచింది.

"ఏమనుకోకండి. సార్ మాకు రెండుసార్లు ఫోన్ చేశారు. రేపంతా ఎవరూ తలుపు కొట్టొద్దన్నారు. శుభ్రం చేసేవాళ్ళని కూడా పంపొద్దన్నారు. పిల్లలు లేవరు, లేపొద్దు అన్నారండి. ఎవరైనా అలా అడిగితే ఇంట్లో ఇంకొకరితో మాట్లాడమని మా మేనేజరు చెప్పారు. పోయినేడు మా దగ్గర ఒక..." అని ఆపేసింది. "మీరంతా బాగానే ఉన్నారు కదాండి?"

పక్కగది వద్దనడం, అక్కకి చెప్పొద్దనడం, చివరి గది, అక్కర్లేదులే అన్న మాట, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. బెంచీ మీద కూతురి పెదవుల చివర కారిన రసాన్ని బాబూరావు తన రుమాలుతో తుడుస్తున్నాడు. ఎంత ప్రేమగా తుడుస్తున్నాడో చూశాక ఆమెకి ఇక అనుమానం మిగల్లేదు.

"గది తీసెయ్యమ్మా. మేం రావట్లేదు" అంది.

తిరిగొచ్చి పిల్లల్ని నీళ్ళ సీసా నింపుకురమ్మని పంపి, అతని పక్కన కూర్చుంది.

"ఏమండీ, గది వద్దని చెప్పేశాను."

"ఎందుకు?"

"మీరేం అడిగారో ఆ అమ్మాయి చెప్పింది."

బాబూరావు బత్తాయి తొక్క మడతపెట్టాడు. మళ్ళీ విప్పాడు. పాఠం చెప్పినంత నెమ్మదిగా అన్నాడు. "నేనొక్కణ్ణే పోతే మిమ్మల్ని బతకనిస్తారా ప్రమీలా? పిల్లాణ్ణి చంపినవాడి పిల్లలంటారు. నలుగురం కలిసుంటే ఎవరూ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు."

అరవాలనిపించింది ఆమెకి. అంతలో బండి వస్తోందని మైకులో చెప్పారు. జనం లేచారు, పిల్లలు సీసాతో వచ్చేశారు. అతను కూడా లేచాడు. సంచి చంకలో పెట్టుకుని ప్లాట్‌ఫారం అంచువైపు నడిచాడు. బండెక్కడానికో మరి దేనికో ఆమెకి తెలియలేదు. పరిగెత్తి వెనకనుంచి చొక్కా పట్టుకుంది. ఇంజను గాలి ముఖాన కొట్టింది. గుండీ తెగి రాళ్ళ మీద పడింది. అయినా వదల్లేదు.

"దీపక్, చెల్లి చెయ్యి పట్టుకో. ఎక్కొద్దు. అక్కడే ఉండు."

"మన బండే కదా మమ్మీ?"

"కాదు."

ఆగిన బండి మళ్ళీ కదిలి, పెట్టెలన్నీ వాళ్ళ ముందునుంచి గుంటూరు వైపు సాగిపోయాయి. బాబూరావు అక్కడే కూలబడ్డాడు. సముద్రం ఒడ్డున కూడా ఏడవని మనిషి, జనం చూస్తుండగా ఏడ్చాడు. దీవెన భయపడి అన్న వెనక దాక్కుంది.

సాయంత్రం రేపల్లె ప్యాసింజరెక్కారు. రేపల్లె ప్రమీల పుట్టిల్లు. దారిపొడుగునా ఆమె అతని మణికట్టు పట్టుకునే ఉంది. బండి జంపని దాటాక తమ్ముడు సంజీవరావుకి ఫోన్ చేసి, స్టేషన్‌కి రమ్మని మాత్రం చెప్పింది. అతను వచ్చి, అక్క ముఖం చూసి, "సంచి ఇటివ్వు బావా" అన్నాడు. బాబూరావు ఇచ్చేశాడు. దాన్ని ఏం చేశావని ప్రమీల తమ్ముణ్ణి ఇప్పటికీ అడగలేదు.

గుంటూరులో డాక్టరు మందులు రాశాడు. వారానికోసారి తీసుకురమ్మన్నాడు. ఒంటరిగా వదలొద్దన్నాడు. స్టెల్లా వచ్చి నెలరోజులుంది. పిల్లలు రేపల్లె బళ్ళోనే చేరారు. బాబూరావు ఇప్పుడు అన్నం తింటున్నాడు, పేపరు చదువుతున్నాడు, దీపక్‌కి మ్యాపులు గీసి చూపిస్తున్నాడు. మెరుగేనని అందరూ అంటున్నారు. ప్రమీల కూడా అవునండి అంటుంది. కానీ అతను పిల్లలతో మరీ ముద్దుగా మాట్లాడిన రోజున ఆమెకి నిద్ర పట్టదు.

స్నానాల గదికి లోపలి గడియ సంజీవరావు పీకేశాడు. అయినా బాబూరావు లోపలికెళ్ళినప్పుడల్లా ఆమె పొయ్యి తగ్గించి, వచ్చి తలుపు బయట నిలబడుతుంది. ఇవాళా నిలబడింది. లోపల నీళ్ళ చప్పుడు లేదు.

"ఏమండీ, పప్పులో దోసకాయ వెయ్యనా, గోంగూర వెయ్యనా?"

ఆమె తలుపు మీద చెయ్యి వేసింది.

"మిమ్మల్నే. దోసకాయా, గోంగూరా?"

లోపల చెంబు బక్కెట్టుకి తగిలింది.

"గోంగూర" అన్నాడు.