రొయ్య రక్తంలో ఉప్పు

నాకు అనుమానం ఎక్కువని తోటపల్లి గూడూరులో అందరికీ తెలుసు. రొయ్య పిల్లలు తెచ్చినవాడు సంచికి ఇన్నని చెబితే, ఒక గిన్నెడు ముంచి నేనే లెక్కపెట్టి చూస్తాను. మేత బస్తా కుట్టు ఎవరైనా విప్పి మళ్లీ కుట్టారేమోనని వేలు పెట్టి తడుముతాను. అనుమానం పెనుభూతమని మా ఆయన బతికున్నన్నాళ్లూ నన్ను సాధించాడు. రెండు గుంటల రొయ్యల సాగుతో ఇరవై ఏళ్లు నిలబడ్డానంటే ఆ భూతం చలవే.

అలాంటిదాన్ని మొన్న మధుబాబు రొయ్యల మందుల షాపులో నోరు జారాను. మేతలో కలిపే కొత్త పొడి వచ్చిందని, తెల్లమచ్చ జబ్బును ఆపుతుందని అతను ఫోన్లో ఒక వీడియో చూపించాడు. రంగు రిబ్బన్లు చుట్టలు చుట్టుకున్నట్టు ఏదో ఉంది. అది వైరస్ ఒంటిమీది ప్రొటీనట. దాని సందులో పొడిలోని మందు కణం ముల్లులా దిగబడి కూర్చుంది.

“ఈ వీడియో చేసింది ఎవరనుకున్నారక్కా, మీ అక్క కూతురు వెన్నెల. చెన్నైలో ఈ పొడి కంపెనీలోనే గదా చేస్తా ఉండేది,” అన్నాడు మధుబాబు.

షాపులో పదిమంది ఉన్నారు. కాకి పిల్ల కాకికి ముద్దు. “మా పిల్ల చేసిందంటే తప్పుండదు,” అనేశాను. పక్కనే ఉన్న చిన్నపోలయ్య వెంటనే నాలుగు డబ్బాలు తీసుకున్నాడు. నా గట్టు దాటితే అతని గుంటే. నేనూ తీసుకున్నాను గానీ ఇంటికొచ్చి మూత తియ్యలేదు. నలుగురిలో గొప్ప చెప్పుకోవడం వేరు, నా గుంటలో వెయ్యడం వేరు. సిగ్గుచేటే, కాదనను.

అప్పటికే కాలవ అవతల రెండు గుంటల్లో తెల్లమచ్చ బయటపడింది. నా రొయ్యకు డెబ్బై రోజులు. పొడి పనిచేసేదైతే ఇంకో నెల పెంచుకోవచ్చు. పనిచెయ్యనిదైతే చిన్న సైజులోనే ఇప్పుడే పట్టేసుకోవాలి, ఆలస్యం చేస్తే ఒక్క రొయ్య కూడా దక్కదు.

వెన్నెలకు ఫోన్ చేసి పిలిపించాను. వారం సెలవు పెట్టుకుని, శనివారం లాప్‌టాప్‌తో దిగింది.

“ఎట్టా చేస్తారో నా ముందు చెయ్యి,” అన్నాను.

పాపం ఓపిగ్గానే చెప్పింది. వైరస్ ఆ ప్రొటీన్‌తోనే రొయ్య కణాన్ని పట్టుకుంటుందట. ఆ చోట మందు కూర్చుంటే ఇక పట్టుకోలేదట. కంప్యూటర్‌లో ఆ ప్రొటీన్ చుట్టూ వేలకొద్దీ నీటి కణాలు పోసి, ఏది దేన్ని లాగుతోంది, ఏది దేన్ని నెడుతోంది అని అడుగడుగునా లెక్క కట్టిస్తారట.

“ఎంతసేపు అతుక్కోనుండాది?”

“వీడియోలో ఉండేదంతా కలిపినా రెప్పపాటులో లక్షోవంతు కూడా కాదు పిన్నీ. ఇది అంచనానే. తొట్లలో రొయ్యల మీద కూడా చూడాలని రాసిచ్చినా. కంపెనీవాళ్లు వీడియో ఒక్కటే తీసుకున్నారు.”

నా అనుమానం ఇంకో జానెడు పెరిగింది.

“నీళ్లు పోసినావు సరే. ఉప్పెంత?” అన్నాను. మా వైపు ఏ గుంట నీళ్లు చూసినా మొదట అడిగేది అదే.

“అందరూ మామూలుగా పెట్టేదే. మనిషి ఒంట్లో ఉండేంత.”

“తెల్లమచ్చ వచ్చేది మనిషికా?”

వెన్నెల లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని చాలాసేపు ఏవో చదివింది. ఉప్పునీటి గుంటలో పెరిగే రొయ్య రక్తంలో ఉప్పు మనిషి రక్తంలో కంటే బాగా ఎక్కువట. ఉప్పు పెరిగితే ఇలాంటి పట్లు కొన్ని సడలిపోతాయట. “ఆ ఉప్పుతో లెక్క మళ్లీ వెయ్యాల,” అని మేడమీదికి పోయింది.

అక్కడ ఎవరితోనో ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడింది. నేను మెట్ల మీద నిలబడి విన్నాను. తమిళం, ఇంగ్లీషు కలగలిపి గబగబా మాట్లాడుతుంటే ‘వీడియో’ అన్న మాట తప్ప ఏదీ అందలేదు. ఇక కప్పిపెడతారు వీళ్లు, అనుకున్నాను. తర్వాత రెండు రోజులూ చెన్నైలోని పెద్ద కంప్యూటర్లు లెక్కలు కడుతుంటే, నేను పిల్ల ముఖమే చూస్తూ కూర్చున్నాను. తను అన్నం కూడా సరిగా తినలేదు. అది బాధో భయమో నాకు తేలలేదు.

మంగళవారం పొద్దున్నే పిలిచింది. అదే ప్రొటీన్, అదే సందు. మందు కణం కాసేపు ఊగిసలాడి, పక్కకు జరిగి, నీళ్లలోకి వెళ్లిపోయింది.

“మూడుసార్లు వేసినా పిన్నీ. మూడుసార్లూ వదిలేసింది. తప్పు నాదే.”

చెప్పకుండా ఉంటే నాకు తెలిసేదే కాదు. దొంగచాటుగా విన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఇద్దరం చిన్నపోలయ్య గుంట దగ్గరికి పరిగెత్తాం. అతను పొడి కలిపిన మేత చల్లుతున్నాడు. వెన్నెల జరిగిందంతా చెప్పి, కొత్త వీడియో చూపించి, ఈరోజే పట్టెయ్యమని బతిమాలింది.

అతను సాంతం విని బేసిన్ కింద పెట్టాడు.

“మొన్న అతుక్కుందని చూపించినారు. ఇయ్యాల వదిలేసిందంటున్నారు. నాచేత చిన్న రొయ్య పట్టించి, నువ్వు మటుకు పెద్దది చేసుకోవాలనా అక్కా?”

“నాదీ ఈరోజే పట్టేస్తా పోలయ్యా.”

“పట్టు. చూస్తా గదా.”

నాకు కోపం రాలేదు. అతని స్థానంలో నేనుంటే ఇంకో రెండు మాటలు ఎక్కువే అందును. సాయంత్రానికి నా రెండు గుంటలూ పట్టించేశాను. అతను గట్టు మీద నిలబడి చివరిదాకా చూశాడు. ఇందులోనూ ఏదో మతలబు ఉందనే అనుకున్నట్టున్నాడు, మర్నాడు కూడా మేత చల్లాడు.

నాలుగో రోజుకు అతని రొయ్య గట్టు వారకు తేలింది. కాకులు దిగాయి. ఒకదాన్ని తీసి చూస్తే తలపెంకు మీద తెల్ల చుక్కలు.

ఆ మధ్యాహ్నం అతని బండి మా గుమ్మం ముందు ఆగింది. పోట్లాటకు వచ్చాడనుకుని వెన్నెలను లోపలికి పొమ్మన్నాను. పిల్ల కదల్లేదు. పోలయ్య నావైపు చూడనైనా చూడలేదు.

“పాపా, ఆ రెండో వీడియో నా ఫోనుకు పంపించు. షాపులో ఇంకా మొదటిదే చూపిస్తా ఉండారు.”

వెన్నెల ఫోన్ తీసి ఆగింది. అది బయట ఎవరికీ చూపించవద్దని కంపెనీవాళ్లు ముందురోజే మెయిల్ పెట్టారు. పంపితే ఉద్యోగం పోతుంది. పిల్ల నావైపు చూసింది. ఆలోచించుకో అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

“పంపించు,” అన్నాను.

పోలయ్య ఫోన్ మోగింది. వీడియో తెరిచి చూసుకుని, తలూపి, ఒక్క మాటైనా అనకుండా బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. వెన్నెల గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఉద్యోగం గురించేమోనని దగ్గరికి తీసుకున్నాను.

“ఆయన తిట్టుంటే బాగుండేది పిన్నీ,” అంది.